పద్ధతి తెరిచి ఉండాలి, పాస్‌బుక్కు మూసి ఉండాలి

 

మన ట్రస్టు ఉపకార వేతనాల దరఖాస్తులను సరిచూసే పనిలో కొంతకాలంగా నేనూ పాలుపంచుకుంటున్నాను. గత ఏడాది ఒక ఆదివారం ఉదయం కూతురి దరఖాస్తు ఇవ్వడానికి ఒక తల్లి వచ్చారు. ఆధార్ జిరాక్సు, రేషన్ కార్డు, ఆదాయ ధృవపత్రం, కుల ధృవపత్రం, పాస్‌బుక్కు మొదటి పేజీ, మార్కుల కార్డులు, అన్నీ కలిపి పదకొండు కాగితాలు నా చేతిలో పెట్టారు. పెట్టి, "సార్, మా అమ్మాయికి డబ్బు వచ్చినా రాకపోయినా సరే, ఈ కాగితాలన్నీ తర్వాత ఏమవుతాయి?" అని అడిగారు.

"భద్రంగానే ఉంటాయమ్మా" అన్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ కాగితాలు ఎక్కడ ఉంటాయో నాకు తెలుసు. ఆఫీసు గదిలో ఒక ఇనుప బీరువా ఉంది. దాని తాళంచెవి పక్కనే మేకుకు వేలాడుతూ ఉంటుంది. నాలుగేళ్ల దరఖాస్తులు అందులోనే ఉన్నాయి. ముప్ఫై ఏడేళ్లు బ్యాంకులో పనిచేసిన నేను "భద్రం" అన్న మాటను అంత తేలికగా వాడకూడదు.

ఈ రోజుల్లో ఓపెన్ సోర్స్ అనీ, వ్యక్తిగత గోప్యత అనీ, ప్రభుత్వ సాంకేతికత అనీ చాలా చర్చలు వింటున్నాం. ఇవి కంప్యూటరు చదివినవాళ్లకు మాత్రమే సంబంధించినవని చాలామంది అనుకుంటారు. నేను బి.కాం. చదివినవాణ్ణి. అయినా ఆ తల్లి అడిగిన ప్రశ్న, ఈ చర్చలు ఒకటేనని నాకు అర్థమైంది. నాకు తెలిసినంతలో వివరిస్తాను.

బ్యాంకులో నేర్చిన రెండు పాఠాలు

నేను 1984లో క్లర్కుగా చేరాను. మొదటి రోజే ఒక కాగితం మీద సంతకం చేయించారు. ఖాతాదారుల వ్యవహారాలు ఎవరికీ చెప్పనని ఇచ్చే హామీ అది. 1970 నాటి బ్యాంకుల జాతీయకరణ చట్టం 13వ సెక్షన్ ప్రకారం జాతీయ బ్యాంకులో చేరే ప్రతి ఉద్యోగీ ఈ ప్రమాణం చేయాలి. కౌంటరు ముందుకు ఒక పెద్దమనిషి వచ్చి, "పిల్లనివ్వబోతున్నాం, అబ్బాయి ఖాతాలో ఎంతుందో కాస్త చెప్పండి" అని అడిగిన సందర్భాలు నాకు ఎన్నో ఉన్నాయి. ఎంత తెలిసినవారైనా చెప్పేవాళ్లం కాదు. వంద రూపాయలున్న ఖాతాకైనా, లక్ష ఉన్న ఖాతాకైనా అదే నియమం.

ఇది మొదటి పాఠం. రెండవది దీనికి పూర్తిగా వేరైనది. ఖాతాదారు వివరాలు రహస్యమే కానీ మేము లెక్క కట్టే పద్ధతి రహస్యం కాదు. వడ్డీ ఏ సూత్రంతో వేశామో ఎవరడిగినా చెప్పాలి. ఒకరు రాసిన వోచరును మరొకరు సరిచూడాలి. ఏటా ఆడిటరు వస్తారు, రిజర్వు బ్యాంకు తనిఖీ ఉంటుంది. "మా లెడ్జరు సరిగ్గానే ఉంది, మీరు చూడనక్కరలేదు" అని ఏ మేనేజరూ అనడానికి వీల్లేదు.

అంటే మనిషి వివరాలు మూసి ఉంచాలి, పద్ధతి తెరిచి ఉంచాలి. నేటి చర్చలన్నీ ఈ రెండు మాటల్లో ఇమిడిపోతాయని నా అభిప్రాయం. ఏది తెరవాలో దాన్ని మూసినప్పుడు, ఏది మూయాలో దాన్ని తెరిచినప్పుడు సామాన్యుడికి కష్టం వస్తున్నది.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటి?

కంప్యూటరు ఏ పని ఎలా చేయాలో మనిషి అర్థం చేసుకోగల భాషలో రాసిన సూచనలను సోర్సు కోడ్ అంటారు. వంటకం మన ముందుకు వచ్చిందంటే దాని తయారీ విధానం ఎక్కడో రాసి ఉన్నట్టే. చాలా కంపెనీలు ఆ విధానాన్ని దాచిపెట్టి వంటకం మాత్రమే అమ్ముతాయి. ఓపెన్ సోర్స్ వారు విధానాన్ని కూడా అందరికీ ఇస్తారు. ఎవరైనా చదవవచ్చు, సరిదిద్దవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు.

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే పథకాన్ని ప్రకటించి ఈ ఉద్యమానికి నాంది పలికారు. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను మొదలుపెట్టారు. నేడు మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను కూడా లినక్స్ పునాది మీదే నడుస్తున్నది. తెలుగు విద్యార్థులు కూడా ఇందులో వెనుకబడలేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ 2005 నుంచి తెలుగులో పనిచేసే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం కృషి చేస్తున్నది. మన బెంగళూరులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ కర్ణాటక ఉంది. భారత ప్రభుత్వం కూడా 2015లో తన కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలని ఒక విధానాన్ని ప్రకటించింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ఓపెన్ సోర్స్ అంటే మన వివరాలు అందరికీ తెరిచిపెట్టడం కాదు. తెరిచేది యంత్రం పనిచేసే విధానాన్ని మాత్రమే. అందులో వేసిన మన పేరు, నంబరు, ఫోటో మూసే ఉండాలి.

మూయవలసినది తెరిచినప్పుడు

2017 మే 1న బెంగళూరుకు చెందిన సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ప్రచురించింది. అంబర్ సిన్హా, శ్రీనివాస్ కొడాలి దాన్ని రాశారు. వారు నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలించారు. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవి: ఒకటి చంద్రన్న బీమా, రెండవది ఉపాధి హామీ రోజువారీ చెల్లింపుల పట్టిక. ఈ నాలుగింటిలో కలిపి సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు ఎవరైనా చూడగలిగే స్థితిలో ఉండి ఉండవచ్చని వారు అంచనా వేశారు.

దొంగలెవరూ తాళం పగలగొట్టలేదని గమనించండి. శాఖలే స్వయంగా ఆ పట్టికలు పెట్టాయి. పారదర్శకత చూపాలన్నదే వారి ఉద్దేశం కావచ్చు. ఉపాధి హామీలో పారదర్శకత చాలా అవసరం కూడా. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి సామాజిక తనిఖీలు జరుగుతూ వచ్చాయి. గ్రామసభలో మస్టరు రోల్ చదివి వినిపించి, ఎవరికి ఎన్ని రోజుల కూలి ముట్టిందో నలుగురి ముందు తేల్చేవారు. పనికి రానివారి పేరు మీద డబ్బు తీసిన వైనాలు అలాగే బయటపడ్డాయి. అక్కడ పేరు, పనిదినాలు, సొమ్ము తెలిస్తే చాలు. ఆ కూలి మనిషి ఆధార్ నంబరు, ఖాతా నంబరు ఊరందరికీ తెలియనక్కరలేదు. ఏ గడి చూపాలి, ఏ గడి దాచాలి అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది.

తెరవవలసినది మూసినప్పుడు

ఇప్పుడు రెండవ వైపు చూద్దాం. 2014 తర్వాతి ఏళ్లలో తెలంగాణలో లక్షలాది రేషన్ కార్డులు రద్దయ్యాయి. వివిధ శాఖల దగ్గరున్న వివరాలను కంప్యూటరు ప్రోగ్రాం సరిపోల్చి, వీరికి కారుంది, వీరికి ఆస్తి ఉంది అని తేల్చేది. సమగ్ర వేదిక అనే వ్యవస్థను ఇందుకోసం వాడారు. అయితే ఒకే రకం పేరున్న మరొకరి కారును పేద కుటుంబానికి అంటగట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి. కార్డు పోయినవారికి ముందుగా నోటీసు లేదు, ఏ లెక్కతో తమను అనర్హులన్నారో తెలుసుకునే దారీ లేదు.

హైదరాబాదుకు చెందిన సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ గారు న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని ఆదేశించింది. అంటే మనిషి ఇంటికి వెళ్లి చూడవలసిందే అని అర్థం.

మా బ్యాంకులో ఇలాంటిది జరిగితే ఖాతాదారు కౌంటరు దగ్గరికి వచ్చి "నా డబ్బు ఎందుకు తగ్గింది?" అని అడిగేవాడు. లెడ్జరు తీసి వేలు పెట్టి చూపించేవాళ్లం. తప్పు మాదైతే దిద్దేవాళ్లం. ప్రోగ్రాం మూసి ఉన్నప్పుడు వేలు పెట్టి చూపించే చోటే లేదు. కౌంటరులో ఉన్న ఉద్యోగికి కూడా "సిస్టమ్‌లో అలా వస్తోంది" అనడం తప్ప మరేమీ తెలియదు. ఉపకార వేతనం తిరస్కరణకు గురైన మన విద్యార్థులు ఈ మాట ఎన్నోసార్లు విని ఉంటారు.

ఒక పెద్దాయన వేసిన కేసు

గోప్యత మన హక్కా కాదా అన్న ప్రశ్నకు సమాధానం తెచ్చినవారు బెంగళూరు వాసి, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి గారు. ఆయన ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్ అధ్యక్షులుగా కూడా పనిచేశారు. 2012లో, 86 ఏళ్ల వయసులో, చట్టం ఏదీ లేకుండానే ఆధార్ అమలు చేయడాన్ని ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆయన 2024 అక్టోబరులో 98వ ఏట కన్నుమూశారు.

ఆ కేసులో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2018 సెప్టెంబరు 26న అయిదుగురి ధర్మాసనం 4:1 మెజారిటీతో ఆధార్ చట్టాన్ని చాలావరకు సమర్థించింది. ప్రభుత్వ సబ్సిడీలకు, పాన్ కార్డుకు ఆధార్ అడగవచ్చన్నది. బ్యాంకు ఖాతాకు, మొబైల్ సిమ్ముకు తప్పనిసరి చేయడాన్ని కొట్టివేసింది. పాఠశాల ప్రవేశానికి ఆధార్ తప్పనిసరి కాదన్నది. ఆధార్ లేదన్న కారణంతో ఏ పిల్లవాడికీ పథకాల ప్రయోజనం నిరాకరించరాదన్నది. మిగిలిన ఒక్క న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ గారు మొత్తం చట్టమే రాజ్యాంగ విరుద్ధమని అభిప్రాయపడ్డారు. తర్వాత 2019 సవరణతో, పిల్లలు 18 ఏళ్లు నిండిన ఆరు నెలల్లోగా కోరుకుంటే తమ ఆధార్‌ను రద్దు చేసుకునే వీలు కల్పించారు.

ఆధార్ వల్ల మేలు లేదని నేను అనడం లేదు. ఏ గుర్తింపు కాగితమూ లేని వలస కూలీలకు బ్యాంకు ఖాతా తెరవడం ఒకప్పుడు ఎంత కష్టమో నేను కళ్లారా చూశాను. ఆధార్ వచ్చాక ఆ పని సులువైంది. సౌకర్యం ఉన్నంత మాత్రాన జాగ్రత్త అక్కరలేదని మాత్రం అనుకోకూడదు.

తెరిస్తే దొంగలకు సులువు కాదా?

ఈ ప్రశ్న సహజమే. మా శాఖలో స్ట్రాంగ్ రూముకు రెండు తాళంచెవులు ఉండేవి. ఒకటి మేనేజరు దగ్గర, రెండవది హెడ్ క్యాషియరు దగ్గర. ఇద్దరూ కలిస్తేనే తలుపు తెరుచుకునేది. ఈ పద్ధతి అన్ని బ్యాంకుల్లో ఉన్నదే, అందరికీ తెలిసినదే. తెలిసినంత మాత్రాన దొంగకు తలుపు తెరుచుకోలేదు. తాళంచెవి రహస్యం, తాళం పద్ధతి కాదు. 1883లోనే అగస్ట్ కెర్క్‌హోఫ్స్ అనే భాషా పండితుడు సంకేత లిపుల గురించి ఈ సూత్రమే చెప్పాడు.

అలాగని తెరిచి ఉన్నదంతా భద్రమని నమ్మడమూ పొరపాటే. ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంలో ఎవరో నమ్మకంగా చేరి, కొన్నేళ్లు మెలిగి, దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటరులో లాగిన్ అర సెకను ఆలస్యం కావడం గమనించి, కారణం వెతుకుతూ వెళ్లి ఆ దొంగదారిని పట్టుకున్నాడు. సాయంత్రం డే బుక్కులో పది పైసల తేడా వస్తే అది దొరికేదాకా మమ్మల్ని ఇంటికి పంపేవారు కాదు. పది పైసల వెనుక పదివేల పొరపాటు దాగి ఉండవచ్చు. పుస్తకం తెరిచి ఉంటేనే తేడా వెతకగలం. కానీ వెతికేవాడు కూడా ఉండాలి.

కరోనా సమయంలో మన దేశంలో ఈ వాదనే నడిచింది. 2020 ఏప్రిల్‌లో ఆరోగ్య సేతు యాప్ వచ్చింది. ఎవరు ఎవరి దగ్గర నిలబడ్డారో గుర్తుపెట్టుకునే యాప్‌కు కోడ్ చూపకపోతే ఎలా అని నిపుణులు పట్టుబట్టారు. మే 26న ఆండ్రాయిడ్ యాప్ కోడ్‌ను ప్రభుత్వం బయటపెట్టింది. బెంగళూరు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనివర్ అరవింద్ గారు కర్ణాటక హైకోర్టులో కేసు వేశారు. 2021 జనవరిలో హైకోర్టు, ప్రజల సమ్మతి లేకుండా ఆ యాప్ వివరాలను ఇతర శాఖలకు పంచరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. కోడ్ తెరిపించడం, వివరాలు మూయించడం రెండూ ఇక్కడ కనిపిస్తాయి.

మన ఊళ్లోనే మరో ఉదాహరణ ఉంది. ఆధార్ సాంకేతిక కేంద్రం బెంగళూరులో ఉంది. దాని నిర్మాణంలో ఓపెన్ సోర్స్ భాగాలు వాడారు కానీ దాని పూర్తి కోడ్‌ను ప్రజలకు ఇవ్వలేదు. అదే బెంగళూరులో ట్రిపుల్ ఐటీ 2018 నుంచి మోసిప్ అనే గుర్తింపు వ్యవస్థను తయారుచేసి, దాని కోడ్ మొత్తం తెరిచి ఉంచింది. ఫిలిప్పీన్స్, మొరాకో వంటి దేశాలు దాన్ని తీసుకున్నాయి. దేశ ప్రజల గుర్తింపు వ్యవస్థను కూడా తెరిచిన కోడ్‌తో నడపవచ్చని దీనివల్ల తెలుస్తున్నది.

చట్టం ఎంతవరకు వచ్చింది?

2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఎందుకు తీసుకుంటున్నామో చెప్పి తీసుకోవాలి, పని తీరాక తొలగించాలి, 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి అన్నవి ఇందులోని ముఖ్యాంశాలు. అయితే నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కేంద్రానికి ఉంది. సమాచార హక్కు చట్టంలో కూడా ఈ చట్టం ద్వారా మార్పు చేశారు. వ్యక్తిగత సమాచారమనే పేరుతో అధికారుల లెక్కలు కూడా మూసుకుపోతాయని సమాచార హక్కు కార్యకర్తలు ఆందోళన చెందుతున్నారు. గోప్యత ప్రజల కోసం ఏర్పడినది కనుక ఈ ఆందోళనను తేలికగా తీసుకోరాదు.

విద్యార్థులు చేయవలసినవి

1. ఎవరైనా ఆధార్ నకలు అడిగితే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆధార్ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతుంది. 2022 మే 27న ఆ సంస్థ బెంగళూరు ప్రాంతీయ కార్యాలయమే ఈ సలహా ఇచ్చింది. అపార్థానికి తావిస్తుందని కేంద్రం రెండు రోజుల్లో ఆ ప్రకటనను ఉపసంహరించుకుంది కానీ, మాస్క్‌డ్ ఆధార్ సౌకర్యం అలాగే ఉంది.

2. జిరాక్సు మీద "ఫలానా ఉపకార వేతనం దరఖాస్తు కొరకు మాత్రమే" అని రాసి, తేదీ వేసి, సంతకం చేయండి. గీత అక్షరాల మీదుగా పోవాలి.

3. నెట్ సెంటరులో దరఖాస్తు నింపితే, డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు తొలగించి, లాగౌట్ చేసి రండి. పాస్‌వర్డు, ఓటీపీ ఆ కుర్రాడికి చెప్పవద్దు, ఎంత మంచివాడైనా సరే.

4. ప్రభుత్వ ఉపకార వేతనం మీ ఆధార్‌కు చివరగా అనుసంధానించిన ఖాతాలో పడుతుంది, ఫారంలో మీరు రాసిన ఖాతాలో పడకపోవచ్చు. ఇలా ప్రభుత్వ సొమ్ము పడడానికి ఒక ఆధార్‌కు ఒక ఖాతాయే ఉంటుంది. 2017లో ఎయిర్‌టెల్ పేమెంట్స్ బ్యాంకులో ఖాతా ఉన్నట్టు తెలియకుండానే ఎందరికో గ్యాసు సబ్సిడీ అందులోకి వెళ్లిందన్న ఫిర్యాదులు వచ్చి, ఆ ఏడాది డిసెంబరులో వారి ఈ-కేవైసీ అనుమతిని తాత్కాలికంగా నిలిపివేశారు. దరఖాస్తుకు ముందే ఆధార్ వెబ్‌సైటులో మీ బ్యాంకు అనుసంధానం చూసుకోండి.

5. మీ దరఖాస్తు తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా అడగండి. "సిస్టమ్‌లో రాలేదు" అనేది కారణం కాదు.

6. కంప్యూటరు సైన్సు చదివే పిల్లలు ఓపెన్ సోర్స్ పనిలో చేరండి. నలుగురూ చూసే చోట కోడ్ రాయడం మంచి క్రమశిక్షణ.

చివరగా మన సంగతి

"తప్పు చేయనివాడికి దాపరికం ఎందుకు?" అని కొందరు పెద్దలు అంటారు. తండ్రి ఆదాయం ఎంతో, ఇంట్లో ఎన్ని అప్పులున్నాయో తోటి విద్యార్థులకు తెలియడం ఏ పిల్లకూ ఇష్టం ఉండదు. అది తప్పు దాచుకోవడం కాదు, మర్యాద కాపాడుకోవడం. సాయం కోసం చెయ్యి చాచినంత మాత్రాన ఎవరూ మర్యాద వదులుకోనక్కరలేదు.

అందుకే ట్రస్టు సభ్యులకు నేను మూడు సూచనలు రాసి ఇచ్చాను. ఫారంలో ఆధార్ నంబరు గడి తీసివేసి, ఏదో ఒక గుర్తింపు కార్డు చాలనాలి. ఎంపిక కానివారి కాగితాలు మూడు నెలల్లో తిరిగి ఇవ్వాలి, లేదా ఇద్దరు సభ్యుల ముందు చింపివేయాలి. ఎంపికకు ఏ మార్కుకు, ఏ ఆదాయానికి ఎంత ప్రాధాన్యమిస్తామో ఆ పట్టికను ఈ బులెటిన్‌లోనే ప్రచురించాలి. మొదటి రెండింటికి సభ్యులు ఒప్పుకున్నారు. మూడవదాని మీద ఇంకా చర్చ సాగుతున్నది. పట్టిక ప్రచురిస్తే ప్రశ్నలు ఎక్కువవుతాయని ఒకరు అన్నారు. ఎక్కువ కావలసిందేనని నా మనవి.

బీరువా తాళంచెవి ఇప్పుడు మేకు మీద లేదు. కార్యదర్శి గారి దగ్గర ఒకటి, కోశాధికారి గారి దగ్గర ఒకటి, రెండు తాళాలు వేయించాం. ఈసారి ఆ తల్లి మళ్లీ వస్తే, ఆమె ప్రశ్నకు సరైన జవాబు చెప్పగలను.